తృప్తి ఎవరికి బోధిస్తున్నాం?

ఉన్నదానితో తృప్తిపడమనే బోధ మా చర్చిల్లో స్త్రీలకు కొత్త కాదు. ఇప్పుడు దానికి సెల్‌ఫోన్ తోడైంది. నెల్లూరు తీరంలో నేను వెళ్లిన స్త్రీల కూడికల్లో మాట ఒకటే: రీల్స్ చూసి చీరలు కొంటున్నారు, అప్పుల పాలవుతున్నారు. బాప్తిస్టు ఇంట పుట్టినదాన్ని కాబట్టి ఈ బోధను కొట్టిపారేయలేను. స్త్రీవాదిగా పూర్తిగా ఒప్పుకోనూ లేను.

బాధ నిజమే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజులూ పడవలు ఒడ్డునే ఉంటాయి. ఫోన్‌లో అంగడి మాత్రం మూతపడదు. లైవ్‌లో చీర చూపించే అమ్మాయి మనల్ని ‘అక్కా’ అని పిలుస్తుంది. పక్కింటివాళ్ల గృహప్రవేశం, మేనకోడలి ఓణీల వేడుక, కంపెనీ ప్రకటన ఒకే తెరమీద వరసగా వస్తాయి. పదో ఆజ్ఞ హెచ్చరించింది దీన్నే: పొరుగువారు మనుషులుగా కాక కొలబద్దలుగా మారడం. అయితే ఆ ఆజ్ఞ పురుషుడితో మాట్లాడుతుంది. ఇల్లు, ఎద్దు, గాడిదలతో పాటు భార్యనూ ఆస్తి జాబితాలో చేరుస్తుంది. అలా ఆశించకూడని వస్తువుగా ఉన్న స్త్రీనే ఇవాళ ఆశపడే దోషిగా నిలబెడుతున్నాం. మగవాళ్ల బైకుల మీద ప్రసంగం నేనింతవరకూ వినలేదు.

తృప్తికి ఆధారంగా చూపేది పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక. అందులో ఆయన తృప్తిపడమని ఎవరినీ ఆజ్ఞాపించలేదు. చెరలో ఉండి, తాను నేర్చుకున్నానన్నాడు. అదీ వాళ్లు పంపిన సాయానికి కృతజ్ఞత చెబుతూ. ఆ ఊళ్లో విశ్వాసులు కూడుకున్న ఇల్లు లూదియది. ఆమె ఊదారంగు వ్యాపారి. ఆ రంగు బట్ట ఆ కాలంలో సంపన్నులది. కనుక ఆ తృప్తికి స్త్రీ చేతిలోని డబ్బుతో పేచీ లేదు. అది ఇచ్చిపుచ్చుకునే మనుషుల మధ్య పుట్టింది.

1840లో నెల్లూరులో స్థిరపడి ఒంగోలు వైపు విస్తరించిన అమెరికన్ బాప్తిస్టు మిషన్‌లో చేరినవారిలో అధికులు మాదిగలు. మంచి బట్ట కట్టడమే తప్పనిపించుకున్న కులాల స్త్రీలకు కొత్త చీర ఒట్టి దుబారా కాదు.

అసంతృప్తి పాపమే అయితే, 1992లో ఇదే జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడేవారు కాదు. అక్షరాస్యతా తరగతిలో ఒక పాఠం కలిసి చదివి, తమ బతుకులతో పోల్చుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. పోలిక అక్కడా ఉంది. కానీ అది పక్కనున్న స్త్రీతో పోటీ కాదు, పొత్తు. ఫోన్‌లో పోలిక ఒంటరిగా జరుగుతుంది, నెలవారీ వాయిదాగా మిగులుతుంది.

కాబట్టి అడగవలసినవి రెండు ప్రశ్నలు. ఈ అసంతృప్తి వల్ల ఎవరికి లాభం? ఈ తృప్తి వల్ల ఎవరికి సౌకర్యం? మొదటిదానికి జవాబు కంపెనీ అయితే ఫోన్ పక్కన పెడదాం. రెండోదానికి జవాబు భర్త, పాస్టరు, వడ్డీవ్యాపారి అయితే ఆ తృప్తినీ పక్కన పెడదాం. ప్రార్థన మనవులతో పాటు అప్పుల లెక్కలు కూడా సిగ్గుపడకుండా ఒకరికొకరం చెప్పుకోగలిగితే, తృప్తిని మనకెవరూ బోధించనక్కర్లేదు. మనమే నేర్చుకుంటాం.