సంజయుడి చూపు, ధృతరాష్ట్రుడి చెవులు: మనుషుల్ని చూసే ఏఐ గురించి ఒక ధర్మసందేహం



సంజయుడంటే ఆ కాలం లైవ్ టెలికాస్ట్ అని మనం సరదాగా అనుకుంటూ ఉంటాం. హస్తినాపురంలో కూర్చుని కురుక్షేత్రం చూసి, గుడ్డి రాజుకి చెప్పాడు కదా! నేను కంప్యూటర్ విజన్ లో ఉద్యోగం చేస్తాను. అంటే కెమెరా తీసిన బొమ్మని కంప్యూటర్ అర్థం చేసుకునేలా చేయడం నా పని. అందుకేనేమో, ఈ పోలిక విన్న ప్రతిసారీ నాకు నవ్వు కాదు, ఒక ప్రశ్న వస్తుంది. అంతా కనిపిస్తే చాలా? చూసినవాడికి, చూపించమన్నవాడికి ఏ బాధ్యతా ఉండదా?

ముందు ఈ టెక్నాలజీ ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం.

మెషీన్ మనిషిని ఎలా చూస్తుంది?

కొన్నేళ్ల క్రితం వరకు ఒక్కో పనికి ఒక్కో మోడల్ ఉండేది. ముఖం గుర్తించడానికి ఒకటి, చేతులు ఎక్కడున్నాయో చెప్పడానికి ఇంకొకటి. ఇప్పుడు పద్ధతి మారింది. 2024 లో మెటా కంపెనీ 'సేపియన్స్' అనే మోడల్స్ విడుదల చేసింది. వీటికి ముందు దాదాపు 30 కోట్ల మనుషుల ఫొటోలు చూపించారు. 'ఇది చెయ్యి, ఇది కాలు' అని ఎవరూ పేర్లు రాసి ఇవ్వలేదు. ఫొటోని చిన్న చిన్న గళ్లుగా కోసి, చాలా గళ్లు దాచేసి, 'దాచిన చోట ఏముందో నువ్వే పూరించు' అన్నారు. కోట్ల సార్లు అలా పూరించీ పూరించీ, మనిషి ఆకారం ఎలా ఉంటుందో అది నేర్చుకుంది. ఆ తర్వాత కొంచెం శిక్షణ ఇస్తే చాలు. ఒంటి మీద 308 పాయింట్లు గుర్తు పెడుతుంది, ఏది జుట్టో ఏది చొక్కానో విడదీస్తుంది, ఏ భాగం కెమెరాకి ఎంత దూరంలో ఉందో అంచనా వేస్తుంది.

ఇంకో వైపు, మనిషి తిరిగే ప్రపంచాన్ని మనిషి కళ్ల ఎత్తు నుంచే నేర్పే ప్రయత్నం నడుస్తోంది. 'ఈగో4డీ' అనే ప్రాజెక్టులో 9 దేశాల్లో 900 మందికి పైగా మనుషులు తలకి కెమెరా పెట్టుకుని, వంట, ఇంటిపని లాంటి రోజువారీ పనులు చేసుకుంటూ 3,600 గంటలకు పైగా వీడియో ఇచ్చారు. మన ఐఐఐటీ హైదరాబాద్ కూడా అందులో భాగస్వామి. రేపు ఇంట్లో తిరిగే రోబోకి గిన్నె ఎక్కడ పెట్టారో, తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియాలంటే ఇలాంటి చూపే కావాలి.

ఇది గొప్ప పనే. అందులో నాకు సందేహం లేదు. కానీ దీని హద్దు ఎక్కడో పనిలో ఒకసారి బాగా తెలిసింది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు ఇంట్లోనే వ్యాయామం చేసుకునే ఒక యాప్ మీద మా టీమ్ పనిచేస్తోంది. ఒక పెద్దావిడ వీడియో చూస్తున్నాం. మోకాలు 90 డిగ్రీలు వంగింది. మోడల్ కోణం సరిగ్గానే చెప్పింది, తెర మీద ఆకుపచ్చ టిక్ పడింది. పక్కనే ఉన్న ఫిజియోథెరపిస్టు మాత్రం "ఆవిడ చెయ్యి చూడండి, కుర్చీని ఎలా పట్టుకుందో. నొప్పి ఓర్చుకుంటోంది" అంది. ఆ చేతి మీద కూడా మోడల్ పాయింట్లు పెట్టింది. వేళ్లు ఎక్కడున్నాయో దానికి తెలుసు. ఆ పట్టుకోవడం ఏమిటో ఆ పక్కనున్న మనిషికి తెలిసింది.

రేపు ఇంకో మోడల్ నొప్పిని కూడా గుర్తుపట్టవచ్చు. నా ప్రశ్న అది కాదు. గుర్తుపట్టాక "ఇక ఆపండమ్మా" అనేది ఎవరు?

సంజయుడి దగ్గర ఏముంది?

ఇప్పుడు భారతంలోకి వెళ్దాం. వ్యాసుడు దివ్యదృష్టి ముందు ధృతరాష్ట్రుడికే ఇస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు. నావాళ్లు చావడం చూడలేను, వింటాను చాలు అన్నాడు. అప్పుడు సంజయుడికి ఇచ్చాడు. పగలు జరిగినా రాత్రి జరిగినా, బయట జరిగినా చాటున జరిగినా, చివరికి ఒకరి మనసులో అనుకున్నది కూడా సంజయుడికి తెలుస్తుందని వరం. మా మోడల్స్ ఏవీ దాని దరిదాపుల్లో లేవు!

చాలామంది గమనించని విషయం ఒకటుంది. భీష్మ పర్వం వరుస ప్రకారం చూస్తే అది లైవ్ కాదు. సంజయుడు యుద్ధభూమి నుంచి వచ్చి మొదట చెప్పిన వార్త భీష్ముడు పడిపోయాడని. అది పదో రోజు. ఆ తర్వాతే రాజు మొదటి నుంచి చెప్పమని అడిగాడు. గీత కూడా ఆయన విన్నది అప్పుడే.

అంటే ఏమిటో ఆలోచించండి. యుద్ధం ఇంకా ఎనిమిది రోజులు ఉంది. ద్రోణుడు బతికే ఉన్నాడు. కర్ణుడు బతికే ఉన్నాడు. అభిమన్యుడు చనిపోయింది పదమూడో రోజు. ప్రపంచంలో అందరికంటే గొప్ప చూపు ఉన్న మనిషి పక్కనే కూర్చుని, ఇది నీ తప్పే రాజా అని మొహం మీదే చెబుతున్నాడు. రాజు ఏడ్చాడు, మూర్ఛపోయాడు, తర్వాత ఏం జరిగిందని అడిగాడు. చాలించమని కొడుక్కి కబురు మాత్రం పంపలేదు.

కాబట్టి ధృతరాష్ట్రుడికి సమాచారం తక్కువై కురుక్షేత్రం జరగలేదు. విన్నదాన్ని బట్టి ఏదైనా చేయాలనే బాధ్యత లేక జరిగింది.

చూపు వల్ల పుణ్యమా, పాపమా?

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అదే ఏడాది తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ దగ్గర ఏఐ తో నడిచే కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. ఎక్కడ ఎంతమంది ఉన్నారో కెమెరాలు లెక్కపెడతాయి. 'ఇదంతా నిఘా, ఇది తప్పు' అని నేను అనలేను. ఆ రాత్రి గురించి చదివిన ఎవరూ అనలేరు. కానీ తెర మీద సంఖ్య పెరుగుతున్నప్పుడు జనాన్ని ఆపాలా, దారి మళ్లించాలా అన్నది ఒక మనిషి నిర్ణయించాలి. ఆ మనిషికి ఆ అధికారం, ఆ తొందర ఉండాలి. లేకపోతే మళ్లీ ధృతరాష్ట్రుడి సభే.

ఇంకో మాట. జనాన్ని లెక్కపెట్టడం వేరు, జనంలో ఫలానా మనిషిని గుర్తుపట్టడం వేరు. మొదటిదానికి పేర్లు అక్కర్లేదు. రెండోదానికి నా ముఖం ఎవరి దగ్గర, దేనికోసం, ఎన్నాళ్లు ఉంటుందో నాకు తెలియాలి. 'దాచడానికేముంది, తప్పు చేయనివాడికి భయమెందుకు' అని కొందరంటారు. తప్పు చేయకపోయినా మనం గదిలో తలుపు వేసుకుంటాం కదా! దాన్ని భయం అనం, మర్యాద అంటాం.

ఇక్కడ కూడా వ్యాసుడే దారి చూపిస్తాడు. దుర్యోధనుడు చనిపోయాక సంజయుడి దివ్యదృష్టి పోయిందని సౌప్తిక పర్వంలో ఉంది. ఆ చూపు ఒక పనికోసం వచ్చింది. పని అయిపోయింది, చూపూ వెళ్లిపోయింది. మన దేశంలో 2023 లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉన్న ఒక ముఖ్యమైన సూత్రం కూడా ఇలాంటిదే: ఏ పనికోసం తీసుకున్నారో ఆ పని తీరాక సమాచారం చెరిపేయాలి. మా ఫీల్డ్ లో 'నేను మోడల్ తయారు చేశాను, వాడేవాళ్లు ఎలా వాడితే నాకేంటి' అనే మాట తరచుగా వింటాను. దృష్టి ఇచ్చిన వ్యాసుడు అలా అనలేదు. ఎవరికి, ఎందుకు, ఎప్పటిదాకా అన్న హద్దు కూడా ఆ వరంలోనే ఉంది.

మన ఇంట్లో సంగతి

ఇదంతా పెద్ద పెద్ద కంపెనీల గొడవ అనుకోకండి. మనలో చాలామందిమి హైదరాబాద్ లోనో బెంగళూరులోనో ఉంటాం, అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు. ఇంట్లో కెమెరా పెట్టిస్తున్నాం. పడిపోతే ఫోన్ కి అలర్ట్ వచ్చేవి కూడా ఉన్నాయి. మంచిదే, పెట్టించండి. కానీ పెట్టే ముందు మూడు పనులు చేయండి. ఒకటి, వాళ్లని అడగండి. చెప్పడం కాదు, అడగండి. వద్దంటే ధృతరాష్ట్రుడి 'వద్దు' ని కూడా వ్యాసుడు గౌరవించాడని గుర్తు చేసుకోండి. రెండు, దాన్ని ఆపడం వాళ్లకి నేర్పండి. బంధువులొచ్చినప్పుడు, ఒంట్లో బాగోలేనప్పుడు వాళ్లే ఆపుకోగలగాలి. మూడు, అలర్ట్ వస్తే పది నిమిషాల్లో ఇంటికి ఎవరు వెళ్తారో ముందే మాట్లాడి పెట్టుకోండి. పక్కింటి ఆంటీయా, వీధి చివర మెడికల్ షాపు అబ్బాయా, ఎవరో ఒకరు. ఆ పేరు లేకపోతే కెమెరా ఉన్నా లేనట్టే.

కెమెరాలో అమ్మ వంటింట్లో నడుస్తూ కనిపించింది కాబట్టి ఈ రోజు ఫోన్ చేయక్కర్లేదు అనిపిస్తే, అక్కడ కొంచెం ఆగండి. నడిచిందని మోడల్ చెప్పింది. ఎలా ఉందో మీరు అడగాలి.

వచ్చే వారం స్త్రీ పర్వంలోకి వెళ్దాం. అంతా విన్నాక కూడా ధృతరాష్ట్రుడు ఇనుప భీముణ్ణి ఎందుకు నలిపేశాడో మాట్లాడుకుందాం.

జై శ్రీకృష్ణ.