అన్నమునకు గౌరవము

ఆహారమునకు గౌరవము వెలవలన వచ్చునా? ఇటలీ వారి ఖరీదైన భోజనశాలలు కొన్నిటిలో అతిథి యేమియు కోరడు. వంటవాడు నిర్ణయించిన వంటకములు కొద్దికొద్దిగా వరుసను వచ్చును. అందు నొక్కొకప్పుడు పొలెంటా యను మొక్కజొన్న సంకటియు నుండును. 19వ శతాబ్దమున ఉత్తర ఇటలీ రైతుకూలీలు మరియొకటి దొరకక ఆ సంకటితోనే బ్రతికి, పెల్లాగ్రా వ్యాధి పాలైరి. నాడు దానిని గౌరవించినవారు లేరు.

మన జహీరాబాదు ప్రాంతపు కథయు నిట్టిదే. జొన్నరొట్టె, కొఱ్ఱన్నము పేదల తిండి యనిపించుకొనెను. 1983లో వచ్చిన కిలో రెండురూపాయల బియ్యము ఆకలి దీర్చెను గాని, మెట్టపంటలను వెనుకకు నెట్టెను. ఆ యేడే పుట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపురము కేంద్రముగా పనిచేసెను. దాని సంఘములలోని దళితస్త్రీలు పాతవిత్తనములను కాపాడిరి. ఆ సంస్థ జహీరాబాదులో ‘కేఫ్ ఎత్నిక్’ అను చిరుధాన్య భోజనశాలను నెలకొల్పెను. 2019లో ఈక్వేటర్ బహుమతి నందెను. 2023 అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరమాయెను.

నేడు నగరపు విందులలో కొఱ్ఱలకు పెద్దవెల పలుకుచున్నది. రుచి గోరుట దోషమని మే మనము. కాని కొఱ్ఱలను వెండిపళ్లెమున నుంచి, వానిని పండించిన యామెను వాకిటనే నిలుపువాడు గౌరవించునది తన ధనమునే. చుట్టము వచ్చినపుడు జొన్నరొట్టెను దాచి వరియన్నము వడ్డించు ఇల్లును ఆ దోషమున భాగము గలదే. చదువరులారా, ఆ రొట్టెను సిగ్గుపడక వడ్డింపుడు. దానిని పండించినవారిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని భుజింపుడు.