పెట్టిన ముద్దను కాదనవచ్చునా?



గడచిన సంవత్సరంలో చేసిన ప్రయాణాలను గురించి నాలుగు మాటలు రాయండి, వెళ్ళేవారికి పనికివస్తాయి అని మన పెద్దలు అడిగారు. నేను దూరదేశాలు తిరిగినవాడిని కాను. బెంగళూరు నుంచి తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు ఐదుసార్లు వెళ్ళి వచ్చాను, అంతే. ఇక్కడ మన కూడికకు వచ్చే కూలి కుటుంబాలు కొన్ని ఆ వైపు పల్లెలవి. వాళ్ళు ఇచ్చే మందులు, బట్టలు ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు అందించి, వారితో ప్రార్థన చేసి రావడం నా పని. చూడదగిన స్థలాల సంగతి ముందు చెప్పి, ఆ ప్రయాణాలు నా ముందు పెట్టిన ఒక ప్రశ్నను తరువాత చెబుతాను.

పావగడ కర్ణాటకలోనిదే గాని దానికి మూడు వైపులా ఆంధ్రప్రదేశే. బస్సు మీద బోర్డు కన్నడం, బస్సులో మాటలు తెలుగు. బెంగళూరు నుంచి వెళ్ళేవారికి తుమకూరు, మధుగిరి మీదుగా దారి. హిందూపురం మీదుగానూ దారి ఉంది. ఎండాకాలంలో వెళ్ళవద్దు. వానలు పడి, శెనక్కాయ పీకే రోజుల్లో వెళ్ళండి. ఊరిని ఆనుకునే కొండ, కొండమీద పాత కోట. తెల్లవారుజామున ఎక్కితే ఎండ ముదిరేలోగా దిగవచ్చు. శనివారం శనిమహాత్మ గుడికి జనం చాలా వస్తారు గనుక బస్సులో సీటు కావాలంటే మరో రోజు చూసుకోండి. నాగలమడికె దగ్గర ఉత్తర పినాకిని ఉంది. తిరుమణి, వల్లూరు వైపు వెళితే నీళ్ళ చెరువులా మెరిసేది చెరువు కాదు, సౌర విద్యుత్ పలకలు. 2018లో ప్రారంభమైన ఆ సోలార్ పార్కు సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. రైతుల దగ్గర భూమి కొనలేదు; మొదట ఎకరానికి ఏటా 21,000 రూపాయల లెక్కన కౌలుకు తీసుకున్నారు. భూమి ఉన్నవారికి కౌలు వస్తుంది. ఆ భూమిలో కలుపు తీసి బ్రతికినవారికి కౌలు లేదు, కూలీ పోయింది. పలకల దగ్గర ఫోటో తీసుకునేటప్పుడు ఈ రెండో మాట కూడా జ్ఞాపకముంచుకోండి.

ఇక నా ప్రశ్న. రెండో ప్రయాణంలో ఒక సహోదరి తన తల్లికి మందులు ఇచ్చి పంపింది. ఒక్క గది ఇల్లు. ఆ తల్లి డెబ్బై దాటిన విధవరాలు. నేను వెళ్ళేసరికి పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంది. ఆ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువని ఏళ్ళుగా తెలిసిన సంగతే. అందుకని నా కోసం క్యాను ఎత్తుకొని వెళ్ళి ఫిల్టరు నీళ్ళు తెచ్చి ఉంచింది. నేను మందులు ఇచ్చి, ప్రార్థన చేసి, "తినే వచ్చానమ్మా" అన్నాను. తినలేదు. నా సంచిలో సీసా ఉంటే అందులో నీళ్ళే తాగాను. ఈమెను ఎందుకు కష్టపెట్టాలి అనుకొని, మంచి పనే చేశాననుకుంటూ బస్సెక్కాను.

తరువాతి ఆదివారం కూడిక ముగిశాక ఆ సహోదరి పక్కకు పిలిచి, తలవంచుకొని అడిగింది: "అయ్యగారూ, మా అమ్మ ఫోన్లో ఏడ్చింది. మా ఇంట్లో నీళ్ళు కూడా తాగేకి కాదా ఆయనకు అనింది."

ప్రియులారా, మన సంఘాలు ఎక్కువగా ఏ పేటల్లో పుట్టాయో మీకు తెలుసు. మా తాతగారికి టీ అంగడిలో గ్లాసు వేరు. బావి దగ్గర ఆయన దోసిలి పడితే పైనుంచి పోసేవారు. ఆ తాతకు మనవడినైన నేను ఒక పేద విశ్వాసి ఇంట్లో నా సీసా మూత తీసుకొని తాగాను. నా మనసులో కులం లేదు, నిజమే. అయితే నా మనసును ఆమె ఎలా చూడగలదు? ఆమెకు కనిపించింది నా చెయ్యి. ఆ చెయ్యి చేసినది ఆమె చిన్ననాటినుంచి చూస్తూ వచ్చిన పనే.

అలాగని ప్రశ్న తీరలేదు. లేనివారి ఇంట తినడం తప్పు కాదా? విధవరాండ్ర ఇళ్ళు దిగమింగే శాస్త్రులను గురించి మన ప్రభువు కఠినంగా మాట్లాడాడు. ఏలీయా సారెపతు విధవరాలి దగ్గర చివరి పిండిని ముందు తనకే అప్పము చేసి పెట్టమన్నాడు గాని, ఆయన నోట దేవుని వాగ్దానం ఉంది. తొట్టిలో పిండి తగ్గలేదు. నాకు ఆ వాగ్దానం లేదు. నేను తిన్న ముద్ద ఆ డబ్బాలో తగ్గే తీరుతుంది.

పౌలు జీవితంలో రెండు తీరులూ కనబడతాయి. కొరింథులో డేరాలు కుట్టి సొంత కష్టంతో బ్రతికాడు, ఆ సంఘానికి భారం కాలేదు. ఫిలిప్పీలో లూదియ బలవంతం చేస్తే ఆమె ఇంట దిగాడు, ఆ సంఘం పంపిన సహాయం సంతోషంతో అందుకున్నాడు. కాబట్టి తీసుకోవడమూ ధర్మమే, మానడమూ ధర్మమే. ఏది ఎప్పుడో ఎలా తెలుసుకోవాలి? నాకు తోచింది ఇది. నేను మానితే ఎవరికి మేలు అని అడగాలి. పౌలు మానితే సువార్తకు మేలు. నేను మానితే మేలు నాకే. నేను ఆమెకు మందులు తెచ్చినవాడిని, మేలు చేసినవాడిని. ఆమె ముద్ద తింటే బాకీ పడతాను. కష్టపెట్టకూడదన్నది పైమాట, బాకీ పడకూడదన్నదే నా లోపలి మాట. ఎప్పుడూ ఇచ్చేవాడిగానే ఉండాలనుకునేవాడు ఎదుటివారిని ఎప్పుడూ చెయ్యి చాపేవారిగానే ఉంచుతాడు.

నాలుగో ప్రయాణంలో ముందు రోజే కబురు పెట్టి వెళ్ళాను. "అమ్మా, ఆకలితో వచ్చాను" అన్నాను. రాగి ముద్ద, ఉలవ సారు పెట్టింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చొని తిన్నాం. చేతులు కడుక్కున్నాక, మునుపెన్నడూ చెప్పని మాటలు చెప్పింది: తాను కూలికి వెళ్ళే చేను పలకల కిందికి పోయిన సంగతి, కొడుకు రెండేళ్ళుగా రాని సంగతి. "నువ్వు వాడిని వెతికి మాట్లాడల్ల నాయనా" అంది. ముద్ద తినని మనిషిని ఆమె ఈ మాట అడగలేకపోయింది. తిన్న మనిషిని అడిగే హక్కు ఆమెకు వచ్చింది. ఆ కొడుకు కోసం ఇంకా వెతుకుతున్నాను.

మనం వలస వచ్చినవారి సంతానం, వలసలోనే ఉన్నవారం. 1876–78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పని చేయిస్తే వేలమంది అక్కడ కూలి చేసి బ్రతికారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన చరిత్ర ఆ కరువు వెనుకే ఉంది. మద్రాసు నుంచి ఓడలెక్కి నేటాలు తోటలకు వెళ్ళిన తెలుగు కూలీల దగ్గరకు 1903లో జాన్ రంగయ్యగారు ఇక్కడి తెలుగు సంఘాల తరఫున వెళ్ళి, ఆ ఏడాదే కియర్స్నీలో సంఘం స్థాపించారు. పరాయిచోట మొదటి పూట ఎవరి పొయ్యి దగ్గరా తినకుండా నిలదొక్కుకున్న కుటుంబం మనలో ఉందా?

కనుక వెళ్ళేవారికి నా సలహాలు. మొదటిది, ముందుగా చెప్పి వెళ్ళండి. ఇంట్లో ఉన్నదే చాలునని గట్టిగా చెప్పండి, లేకపోతే కోడికోసం అప్పు చేస్తారు. రెండవది, కందిపప్పో, నూనో, బెల్లమో తీసుకువెళ్ళి గడపలోనే ఇంటి తల్లి చేతికివ్వండి. తిన్న తరువాత డబ్బు ఇవ్వవద్దు, అది హోటలు బిల్లు అవుతుంది. మూడవది, ఇచ్చిన నీళ్ళు తాగండి. ఫ్లోరైడ్ కీడు ఏళ్ళ తరబడి తాగేవారికే గాని ఒక పూట తాగే అతిథికి కాదు. డాక్టరు వద్దన్నది ఏదైనా ఉంటే కూర్చోకముందే విప్పి చెప్పండి, అబద్ధం ఆడవద్దు. నాలుగవది, వారిని మీ ఇంటికి పిలవండి. మన ఇంట వారు కూర్చొని తిననంతవరకు ఈ లెక్క సగమే.

ఐదో ప్రయాణంలో ఆ తల్లిని పిలిచాను. "వస్తాలే నాయనా" అని నవ్వింది. ఇంకా రాలేదు. పిలవడం మాత్రం మానను.

ప్రభువు మన రాకపోకలయందు మనలను కాపాడును గాక. ఆమేన్.