చెంబు మూతి గుండ్రం కాదు

“నాకు బొమ్మలు రావండీ” అనని వారు మనలో ఎంతమంది? అలా అనేవారంతా ఒకప్పుడు పలక మీద బలపంతో ఇల్లు, కొబ్బరిచెట్టు, రెండు కొండల నడుమ సూర్యుణ్ణి గీసినవారే. పదేళ్ళు వచ్చేసరికి పక్కవాడి బొమ్మతో మన బొమ్మను పోల్చుకుని మానేశాం. ఆపైన “అది పుట్టుకతో రావాలి” అని తీర్పు చెప్పుకున్నాం. ఆ తీర్పు న్యాయమైనదేనా? బొమ్మ గీయడం కేవలం చేతి నేర్పేనా, లేక మన నడవడికి పనికివచ్చే పాఠం ఏదైనా అందులో ఉన్నదా? ఈ వారం కాస్త ఆలోచిద్దాం.

విన్సెంట్ వాన్ గో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నది 1880లో, 27 ఏళ్ళ వయసులో. అప్పటికే చిత్రాలమ్మే సంస్థలోనూ, బడిలోనూ, పుస్తకాల దుకాణంలోనూ పనిచేసి ఎక్కడా నిలవలేకపోయాడు. బెల్జియంలోని బోరినాజ్ బొగ్గుగనుల ప్రాంతంలో సువార్త బోధకుడుగా ఉంటూ తన బట్టలు సైతం కార్మికులకు ఇచ్చివేశాడు. ఆ పని కూడా 1879లో పోయింది. అటువంటి స్థితిలో ఆయన పెన్సిలు పట్టుకున్నాడు. షార్ల్ బార్గ్ అనే ఫ్రెంచి చిత్రకారుడు విద్యార్థుల కోసం తయారుచేసిన అభ్యాస చిత్రాలను తెప్పించుకుని, వాటిని చూసి ఒక్కొక్కటే గీశాడు. ఆయన తొలినాళ్ళలో గీసిన గనికార్మికులు కొయ్యబొమ్మల్లా బిగుసుకుని ఉంటారు. అయినా గీయడం మానలేదు. పదేళ్ళ తరువాత 1890లో, గొప్ప చిత్రాలెన్నో పూర్తిచేసి, మరణానికి కొద్ది వారాల ముందు, బార్గ్ అభ్యాసాలనే మళ్ళీ పంపమని తమ్ముడు తెయోకు ఉత్తరం రాశాడు. అంతటి చిత్రకారుడు తిరిగి ఓనమాల పుస్తకం అడిగాడన్నమాట!

సాధన చేసిన ప్రతివాడూ వాన్ గో కాలేడు. అది నిజమే. మరి మనవంటివారికి సాధన వల్ల కలిగే మేలు ఏమిటి? నా అనుభవం చెబుతాను.

ఉద్యోగ విరమణ తరువాత గీతలు లేని నోటుపుస్తకం ఒకటి కొని, రోజూ రాత్రి భోజనానికి ముందు పావుగంట గీయడం మొదలుపెట్టాను. మొదటి రోజు బల్లమీది స్టీలు చెంబు గీశాను. ఎంత దిద్దినా అది చెంబులా కనిపించలేదు. విసుగుతో కాగితం చించేశాను. అలా పది కాగితాలు పోయాక, బొమ్మలు నేర్పే మాస్టారొకరు ఒక చిట్కా చెప్పారు. చేయి చాచి, పెన్సిలును కంటికెదురుగా నిలిపి, ఒక కన్ను మూసి కొలవమన్నారు. కొలిచాను. నేను కూర్చున్న చోటినుండి చెంబు మూతి గుండ్రంగా లేదు, సన్నని కోడిగుడ్డు ఆకారంలో ఉంది! చెంబు మూతి గుండ్రమని నాకు తెలుసు. ఆ తెలియడమే నా కంటికి అడ్డం వచ్చింది. పది రోజులు నేను గీసింది చెంబును కాదు, చెంబును గురించి నా అభిప్రాయాన్ని.

అక్కడితో ఆగితే ఇది చెంబు కథే అయ్యేది. ఏడేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తున్న ఒక తల్లి ఉంది. ఎప్పుడూ మొహం చిట్లించుకునే ఉంటుంది. “కోపిష్టి మనిషి” అని మేమందరం అనుకునేవాళ్ళం. ఒక సాయంత్రం ఆమె మెట్టుమీద కూర్చుని బియ్యం ఏరుతుంటే, బొమ్మ గీసుకోనా అని అడిగాను. “నన్నెందుకు అయ్యగారూ, దేన్నైనా మంచిదాన్ని గీసుకోండి” అని నవ్వింది. నవ్వినా నేను కాగితం మీద కోపపు మొహమే గీశాను. తరువాత, చెంబు నేర్పిన పాఠం గుర్తుకొచ్చి, పెన్సిలు పక్కన పెట్టి చూశాను. కనుబొమలు ముడిపడింది కోపంతో కాదు. ఆమె చేటను కళ్ళకు మరీ దగ్గరగా పెట్టుకుని, ఒక కన్ను చికిలించి, రాళ్ళకోసం తడుముతున్నది. ఆమెకు చూపు ఆనడం లేదు. కంటి డాక్టరుకు చూపిస్తే శుక్లం ముదిరిందన్నారు. ఆపరేషను జరిగింది. ఇది గొప్పగా చెప్పుకోవలసిన మాట కాదు. ఏడేళ్ళు ఆలస్యంగా జరిగిన పని.

“బొమ్మలు గీస్తూ కూర్చుంటే ఎదుటివాడి కష్టం తీరుతుందా?” అని ఎవరైనా అడగవచ్చు. తీరదు. చూడటం సాయం చేయడానికి బదులు కాదు. కాని సరిగా చూడనివాడు చేసే సాయం తరచు ఎదుటివాడి అవసరానికి కాక, తన ఊహకు అందుతుంది. మనం ఒకరిని సోమరి అని, ఒకరిని గర్విష్టి అని ఒకే గీతలో తేల్చేస్తాం. అవి కూడా చూడకుండా గీసిన బొమ్మలే కదా?

ఇది ఒకనాటితో వచ్చే విద్య కాదు. చెంబు విషయంలో నేర్చుకున్నదాన్ని మనిషి దగ్గరకు వచ్చేసరికి నేను మరచిపోయాను. కన్ను పాత అలవాటుకే తిరిగి జారుతుంది. అందుకే రోజూ గీయాలి. ఇప్పుడు నేను ప్రతి పుట మీద తేదీ వేస్తున్నాను, ఏ పుటనూ చించడం లేదు. ఆ తల్లి కోపపు మొహం కూడా పుస్తకంలోనే ఉంది. తప్పు ఆమెది కాదని, గీసినవాడిదని నాకు గుర్తు చేయడానికి అది అక్కడ ఉండాలి.

పాఠకులారా, ఖరీదైన రంగులేమీ అక్కరలేదు. ఒక పెన్సిలు, ఒక తెల్లకాగితాల పుస్తకం, రోజుకు పావుగంట చాలు. మొదట చెంబునో చెప్పునో గీయండి. చేయి కాస్త కుదిరాక, బాగా తెలుసునని మీరనుకునే ఇంటి మనిషిని ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. కాగితాన్ని తక్కువగా, ఆ మనిషిని ఎక్కువసేపు చూడండి.