ఒకే పడితో కొలవాలి

మన పిల్లలను చిన్నప్పటి నుంచీ ఎవరితోనో పోలుస్తూనే ఉంటారు. ‘వాళ్ళు ముందున్నారు, మీరు వెనకబడ్డారు’ అంటారు. పోల్చేది వాళ్ళు, పోలికకు నిలబడేది మనం. లింగాల వైపు నుంచి ఒక సుగాలి అమ్మాయి విశ్వవిద్యాలయానికి వెళ్ళి తులనాత్మక రాజకీయాలు చదివితే ఈ వరస మారుతుంది. ఇప్పుడు పోల్చేది ఆమె. అయితే దేన్ని పోల్చాలి? ఏ పడితో కొలవాలి?

ముందు మన సంగతే చూద్దాం. గోర్ బోలి, సేవాలాల్ మహరాజ్ మీది భక్తి రాష్ట్రం దాటినా మారవు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో మనం షెడ్యూల్డు తెగ. కర్ణాటకలో షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. తెలంగాణలో 1976 సవరణ చట్టంతో ఎస్టీలయ్యాం. మనుషులు ఒకటే, జాబితాలు వేరు. కడప జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు కాబట్టి పాడేరు గిరిజనుడి భూమిని కాపాడే 1/70 చట్టం, అక్కడి గ్రామసభకు బలమిచ్చే 1996 పెసా చట్టం మన వైపు వర్తించవు. తేడా మన రక్తంలో లేదు, ప్రభుత్వం గీసిన గీతలో ఉంది. ఈ చదువు మనకిచ్చే మొదటి ధైర్యం ఇదే.

ఇక్కడిదాకా పోలిక తియ్యగానే ఉంటుంది. చేదు ఇప్పుడొస్తుంది. 2017లో ఆదిలాబాద్ గోండులు, ఇతర ఆదివాసులు లంబాడీలను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని పెద్ద ఆందోళన చేశారు. సీట్లు, ఉద్యోగాలు తమదాకా రావడం లేదన్నారు. మన అమ్మాయి దీని మీదే పరిశోధన చేస్తే? తేలిన అంకెలు వాళ్ళ మాటకు బలమిస్తే దాచాలా? రాస్తే తాండాలో ‘మా బిడ్డవై మాకే ఎదురు తిరిగావా’ అంటారు. ఆ బాధ చిన్నది కాదు.

అయినా రాయాలనే నేనంటాను. మనల్ని తక్కువ చేసిన వాళ్ళను ‘మీకొక కొలత, మాకొక కొలతా?’ అని అడుగుతున్నాం. ఆ ప్రశ్న అడిగే హక్కు మన కొలత ఒకటే అయినప్పుడే నిలుస్తుంది. పైగా అంకె నిజం చెప్పడం వేరు, దానికి మందు ఏమిటో తేల్చడం వేరు. జాబితా నుంచి తీసేయడమా, లోపల వాటాలు పంచడమా, సీట్లే పెంచడమా అన్నది అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది. లెక్క దాస్తే ఆ మాట మొదలే కాదు.

అరిస్టాటిల్ పాఠశాల 158 రాజ్యాంగాలను సేకరించిందని చెబుతారు. అదే అరిస్టాటిల్ కొందరు పుట్టుకతోనే బానిసలని రాశాడు. అడుగు సొట్టపోయిన పడితో ఎన్నిసార్లు కొలిచినా లెక్క తప్పే.

చెల్లీ, నీ పరిశోధనను గోండు స్నేహితురాలి ముందు, మన తాండా నాయకుడి ముందు ఒక్క మాటైనా మార్చకుండా చదవగలవా? గురువులారా, ఆ ధైర్యం పిల్లలకు బడిలోనే నేర్పగలమా?