పడని గోలు

హాకీలో గోల్‌కీపర్ శ్రమకు ఫలం ఒక లేమి. గోలు పడలేదన్నదే ఆమె సాధించినది. భారత మహిళల జట్టు గోల్‌కీపర్ సవితా పూనియా ఆట జీవితం ఇలాంటి లేములతోనే నిండింది. హర్యానాలోని సిర్సా జిల్లా జోధ్‌కాన్ ఆమె ఊరు. 2017 ఆసియా కప్ ఫైనల్లో చైనాను షూటౌట్‌లో ఓడించడంలో ఆమెది పెద్ద చెయ్యి. 2018లో అర్జున అవార్డు, 2021 నుంచి వరుసగా మూడేళ్లు అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఉత్తమ గోల్‌కీపర్ పురస్కారం అందుకుంది. అయితే తత్త్వవిచారానికి అక్కరకొచ్చే రోజు 2021 ఆగస్టు 2. టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాకు 7 పెనాల్టీ కార్నర్లు దక్కినా ఒక్కటీ గోలు కాలేదు. 22వ నిమిషంలో గుర్జీత్ కౌర్ కొట్టిన గోలుతో భారత్ 1-0తో గెలిచింది. గుర్జీత్ గోలును అందరూ చూశారు. సవిత ఆపిన గోల్స్ అసలు పుట్టనే లేదు. పుట్టనిదాన్ని ఒకరి ఖాతాలో వేయడం ఎలా?

భారతీయ దర్శనాల్లో ఇలాంటి లేమికి పేరు అభావం. ప్రాభాకర మీమాంసకులకు అది వేరే వస్తువు కాదు. కుండ లేని నేల ఉత్త నేలే. ఆ లెక్కన గోలు పడని వల ఉత్త వలే. బంతి ఒక్కటీ రాని మ్యాచ్‌కూ టోక్యో మ్యాచ్‌కూ వల దగ్గర తేడా ఉండదు. న్యాయదర్శనం వారైన నైయాయికులు దీనికి ఒప్పుకోరు. వాళ్ల పదార్థాల పట్టికలో అభావమూ ఒకటి, ఏడోది. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దాన్ని నాలుగు రకాలుగా చెప్పాడు.

ఆపిన గోలు వీటిలో ఏది? ముందుగా తట్టేది ప్రాగభావం, అంటే వస్తువు పుట్టకముందుండే లేమి. కానీ అది పుట్టబోయేదానికే చెల్లుతుంది. పుట్టనిది నశించదు గనుక ధ్వంసమూ కాదు. మరో చిక్కుంది. లేదని చెప్పే వస్తువు ఎక్కడో ఒకచోట ప్రసిద్ధమై ఉండాలి. కాబట్టి ‘ఫలానా గోలు లేదు’ అనడం కుదరదు, ‘ఈ వలలో గోలు లేదు’ అనాలి. ఇది అత్యంతాభావం, అంటే ఫలానా చోట ఒక వస్తువు లేకపోవడం. గోలంటే ఏమిటో అవతలి వలలో తెలిసింది, గుర్జీత్ పుణ్యమా అని.

ఇక ఖాతా సంగతి. చంద్రకాంత మణి దగ్గరుంటే నిప్పు కాల్చదన్నది శాస్త్రాల్లో పాత ఉదాహరణ. మణి నిప్పులోని శక్తిని అణచిందని మీమాంసకులు అన్నారు. వేరే శక్తిని కల్పించనక్కర్లేదు, ప్రతిబంధకం లేకపోవడమూ కాలడానికి ఒక కారణమే అని న్యాయకుసుమాంజలిలో నైయాయికుడు ఉదయనుడు వాదించాడు. హాకీకి ఈ రెండో మాటే నప్పుతుంది. గోల్‌కీపర్ నిలబడి ఉన్నంత మాత్రాన కార్నర్ దెబ్బ వేగం తగ్గదు. గోలుకు కావలసిన కారణాల్లో ఒకటి కొరవడుతుంది, అంతే. అయితే బంతికి అడ్డొచ్చే గోలుస్తంభమూ ప్రతిబంధకమే. దానికి పొగడ్త దక్కదేం? న్యాయమతంలో ప్రయత్నం ఆత్మగుణం. స్తంభానికి అది లేదు. గోలు పడకపోవడాన్ని సవిత ఖాతాలో వేయించేది ఆ ప్రయత్నమే.

2022 కామన్వెల్త్ క్రీడల సెమీఫైనల్ ఈ వాదానికి గట్టి పరీక్ష. బర్మింగ్‌హామ్‌లో ఆస్ట్రేలియాతో షూటౌట్‌లో రోజీ మలోన్ తొలి ప్రయత్నాన్ని సవిత ఆపింది. ఒక్కో ప్రయత్నానికి ఇచ్చే 8 సెకన్ల గడియారం మొదలుకాలేదంటూ మళ్లీ ఆడనిచ్చారు, గోలు పడింది. నైయాయికుడి దృష్టిలో రద్దయింది లెక్క మాత్రమే, ఆమె ప్రయత్నం కాదు. అంతర్జాతీయ సమాఖ్య తర్వాత క్షమాపణ చెప్పినా షూటౌట్ ఫలితం 3-0గానే ఉండిపోయింది. రెండు రోజులకు న్యూజిలాండ్‌ను షూటౌట్‌లోనే 2-1తో ఓడించి భారత్ కాంస్యం గెలిచింది. అక్కడ ఆమె ఆపినవి లెక్కలోకి వచ్చాయి.