అహరోను పతకమును, ఆఫీసు దుస్తులును

కొంతకాలము క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మా సంఘములోని ఒక కోయ యువతి నాయొద్దకు వచ్చెను. భద్రాచలములో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి ఆమెకు అప్పటికి ఏడాది నిండలేదు. ఆ యింట నెలజీతము తెచ్చినవారిలో ఆమెయే మొదటిది.

"అయ్యగారూ, సంఘపెద్దలు చీరే కట్టుకోమంటున్నారు. ఆఫీసులో తోటివాళ్లు చుడీదారు వేసుకోమంటున్నారు. మా నాయనమ్మ ఇచ్చిన పూసల పేరు వేసుకొని పోతే ఒకరిద్దరు నవ్వారు. నేను నాలాగ ఉండాలా, ఆఫీసులాగ ఉండాలా?" అని అడిగెను.

ఇది స్వల్పమైన ప్రశ్నయని త్రోసివేయకుడి. అడవి అంచున పుట్టి, చదువుకొని, కుర్చీలో కూర్చుండుటకు పోవుచున్న మన బిడ్డలందరికిని ఇది ఎదురగుచున్నది.

ప్రభుత్వములును దీనినిగూర్చి ఆలోచింపవలసి వచ్చినది. 2019లో తమిళనాడు ప్రభుత్వము తన ఉద్యోగులలో స్త్రీలకు చీరయైనను సల్వారు కమీజైనను, పురుషులకు ప్యాంటు చొక్కాయైనను పంచెయైనను తగునని చెప్పెను. 2020 డిసెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వము జీన్సు, టీషర్టు ఆఫీసునకు వలదనియు, శుక్రవారమున ఖాదీ ధరింపవలెననియు చెప్పెను. ఒకప్పుడు మన కచేరీలలో కోటు, తలపాగా ఉద్యోగికి గురుతులు. తలపాగా పోయినది, ఉద్యోగము మాత్రము పోలేదు. బట్టలు మారుచుండును. మారక నిలుచునది ఏదో దానిని మనము వెదకవలెను.

నిర్గమకాండము 28వ అధ్యాయము తీసి చూడుడి. అహరోను తన పనిలో ప్రవేశించుటకు ముందు దేవుడు అతనికి వస్త్రములు ఏర్పాటుచేసెను. అవి అందముగా ఉండవలెనని కూడ చెప్పెను. కాబట్టి చక్కని వస్త్రము పాపమని యెవడును చెప్పకూడదు. అయితే ఆ వస్త్రములలో ఒక విశేషమున్నది. రొమ్ముమీది పతకములో పండ్రెండు రత్నములు. ఒక్కొక్క రత్నముమీద ఒక్కొక్క గోత్రము పేరు. అహరోను లోపలికి పోయినప్పుడెల్ల ఆ జనుల పేళ్లను తన గుండెమీద మోసికొని పోవలెను. అతని పేరు ఆ పతకముమీద లేదు!

ఉద్యోగవస్త్రమునకు ఇదియే ధర్మము. అది తొడుగుకొన్నవానిని చూపుటకు కాదు, వాని యెదుటికి వచ్చు జనులను గుండెమీద మోయుటకు.

ఈ మాట నేను తప్పుచేసి నేర్చుకొంటిని. వేదాంత పాఠశాల విడిచి వచ్చిన క్రొత్తలో దుమ్ముగూడెం వైపు ఒక కోయ గూడెమునకు పోతిని. 1860వ దశకములోనే మిషను పని ఆరంభమైన ప్రాంతమది. పాదిరిని గౌరవింతురని తలంచి, ఎండలో ఖాకీరంగు ప్యాంటు, కోటు, బూట్లు తొడిగి, చంకలో పుస్తకము పెట్టుకొని నడిచితిని. గూడెము చేరునప్పటికి మగవారొకరును లేరు. ఎవరో అధికారి వచ్చుచున్నాడని అందరును అడవిలోనికి జారుకొనిరి. ఒక వృద్ధురాలు మాత్రము గడపలో వణకుచు చేతులు జోడించెను. ఆమెతో సువార్త చెప్పుటకు పోయిన నేను ఆమెను భయపెట్టితిని. ఆ కోటు నా గౌరవమును కాపాడినది గాని ఆమె పేరు దానిమీద లేదు.

దీనికి ఎదురైన తప్పు మరియొకటి కలదు. పెద్ద అధికారి తనిఖీకి వచ్చు దినమున ఇస్త్రీ చొక్కా తొడుగుకొని, తక్కిన దినములలో నలిగిన బట్టలతో, గడ్డము మాసి ఆఫీసునకు వచ్చువారిని మీరు చూడలేదా? "వచ్చేది పల్లెటూరివాళ్లే కదా" అని వారి ఆలోచన. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో, ప్రశస్త వస్త్రములవానికి మంచి చోటును బీదవానికి నేలను చూపు సంఘమును గద్దించెను. ఈ ఉద్యోగియు అదే పక్షపాతమును తన ఒంటిమీద తొడుగుకొనుచున్నాడు. పది మైళ్లు నడిచి అర్జీ తెచ్చిన ముసలివాడు కూడ మన శుభ్రతకు పాత్రుడే.

అట్లయిన మనకు మనదైన తీరు ఉండకూడదా? డోర్నకల్ వెళ్లి చూడుడి. 1912లో బిషపుగా అభిషేకము పొందిన అజరయ్యగారు ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషపు. ఆయన కట్టించిన దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడెను. దాని గుమ్మటములు మసీదును, చెక్కిన స్తంభములు కోవెలను జ్ఞాపకము చేయును. అది ఇంగ్లండు గుడికి నకలు కాదు. అయినను లోపల అడుగుపెట్టినవాడు తానాగియే మౌనము వహించును. తనదైన రూపమును, పనికి తగిన గాంభీర్యమును ఒక్కచోట ఉండవచ్చునని ఆ రాళ్లు సాక్ష్యమిచ్చుచున్నవి.

కనుక ఆ యువతితో ఇట్లు చెప్పితిని: "అమ్మా, చీరైనా చుడీదారైనా శుభ్రంగా, మర్యాదగా, నీ పనికి అడ్డం రాకుండా ఉంటే చాలు. ప్రొద్దున బయలుదేరేటప్పుడు అద్దంలో నిన్ను చూసుకున్న తరువాత ఇంకొక మాట అడుగు: మీ నాయనమ్మ అర్జీ పట్టుకొని వస్తే, ఈ బట్టల్లో ఉన్న నీ దగ్గరికి జంకకుండా రాగలదా?"

సంఘపెద్దలతో కూడ ఒక మాట చెప్పితిని. ఆమె ఏమి కట్టినదని చూచుచున్న మనము, ఆమె లంచము ముట్టక పనిచేయుటకై ఎన్నిమారులు ప్రార్థించితిమి? ఎవరును బదులు చెప్పలేదు. నేనును తల వంచుకొంటిని.

కొన్ని వారముల తరువాత ఆమె మరల వచ్చెను. పూసల పేరు మెడలోనే యున్నది. నవ్వువారు ఇంకను నవ్వుచునే యున్నారట. కాని ఒక దినమున ఒక కోయ ముసలమ్మ తలుపు చాటున చాలసేపు నిలిచి, ఆ పూసలను చూచి లోపలికి వచ్చి, తన భాషలోనే తన కష్టము చెప్పుకొనెనట. పింఛను కాగితములో పేరు తప్పు పడినది. ఆమె దానిని సరిచేసి పంపెను.

ప్రియ చదువరీ, నీవు గుమాస్తావైనను, ఉపాధ్యాయినివైనను, పాదిరివైనను రేపు ఉదయమున బట్టలు తొడుగుకొనునప్పుడు ఒక్క నిమిషము నిలువుము. నేడు నీ యెదుటికి రాబోవువారి పేళ్లు నీ గుండెమీద ఉన్నవా? శిష్యుల పాదములు కడుగుటకు పైవస్త్రము తీసి తువాలు కట్టుకొనిన ప్రభువు, మనము తొడుగు ప్రతి వస్త్రమును సేవావస్త్రముగా చేయును గాక. ఆమేన్.